చివర లేచినవాళ్లదే గెలుపు

మా తోడల్లుడు పోయాడన్న కబురు పొద్దున్నే ఫోన్లో వచ్చింది. నేను కల్వకుర్తిలో పంటలు అమ్మిపెట్టే అడ్తి దుకాణానికి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. నారాయణపేట నుంచి మా వదినె. నా భార్య ఫోన్ తీసి, "బావకేమైందే?" అని ఒక్క మాట అడిగి, గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ఆయనకు నిద్రలోనే గుండె ఆగిందట. ఆ రోజు నా భార్య ఏడ్చిన ఏడుపు అంతకుముందు ఎన్నడూ నేను వినలేదు. అక్కడే నిలబడి వింటున్న నాకు మొదట వచ్చిన ఆలోచన, రేపు నేను పోతే ఈమె ఇట్లా ఏడుస్తుందా అని. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఇటువంటివి రాయరేమో. కానీ ఆయన గురించి రాస్తూ అసూయను పక్కన పెడితే నా దగ్గర మిగిలేది కొంచెమే.

ఆయన ఆ ఇంటికి పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. నారాయణపేటలో ఒక చీరల దుకాణంలో ఆయన పని. చీర మడత విప్పి తన భుజానే వేసుకుని, కొంగు మోచేతి మీదికి తెచ్చి, "ఎట్లున్న అక్కా?" అని అడిగేవాడట. కొనడానికి రానివాళ్లు కూడా కొనుక్కుని పోయేవాళ్లు. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. పొట్లాలు కట్టే పాత పేపర్లు చదువుకుని, సేటు పక్కన కూర్చుని లెక్కలు పట్టుకున్నాను. పగలంతా జమాఖర్చు రాస్తాను. మాట అవసరమైతేనే వస్తుంది, అది కూడా ఆలస్యంగా.

అత్తగారిది మర్రిగూడ దగ్గర పల్లె. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసిందే. ఆ నీళ్లు తాగి తాగి మా అత్తమ్మకు మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఆమె అక్కచెల్లెళ్లకు, వాడకట్టులో ఆ ఈడు వాళ్లకు కూడా అంతే. ఇంటింటికీ నల్లా వచ్చిన ఏడాది కొత్త నీళ్లతో ఛాయ్ పెడితే, మా అత్తమ్మ ఒక గుక్క తాగి, "గిదేంది, ఛాయ్ గింత తీపి ఉంటదా?" అంది. పక్కనే ఉన్న మా తోడల్లుడు ఊరుకోలేదు. "అయితే ఏటేటా ఎండకాలం ఛాయ్ పార్టీ చెయ్యాల్సిందే అత్తమ్మా. బిడ్డలు, అల్లుళ్లు, వాడకట్టోళ్లు అందరు రావాలె. ఆటలు నాకిడిసిపెట్టు" అన్నాడు. పాలు, చక్కెర, మిర్చి బజ్జీలకు శనగపిండి, టెంటు కుర్చీలు నా వంతుకు వచ్చాయి. ఎంత బాగా సమకూర్చినా ఎవరూ గుర్తుపెట్టుకోని వంతు అది.

ఆటల ఏర్పాటు ఆయనకు పార్టీ రోజున మొదలయ్యేది కాదు. చాలా ముందు నుంచే మా ఇంటికి ఫోన్ చేసేవాడు. నేను ఎత్తితే, "తమ్మీ, బాగున్నవా? జర మా మరదలికియ్యి" అనేవాడు. అంతే నాతో మాట. ఇక నా భార్య వంటింటి కిటికీ దగ్గర నిలబడి కూర మాడుతున్నా కదిలేది కాదు.

"చిన్నత్త మోకాలు ఎట్లున్నది? మొన్న పడ్డదంట గదా?" అని ఆయన అడగడం నాకు వినిపించేది. "పక్కింటోళ్లతోని మీ అమ్మకు మాటలున్నయా, బందైనయా?"

"బందైనయ్ బావా. కోడి కాడ కొట్లాట."

"అయితే ఇద్దర్ని ఒక్క జట్టుల వేస్త. గెలువాల్నంటే మాట్లాడుకోవాల్సిందే."

ఈమె పకపకా నవ్వేది. నేను అన్నం ముందు కూర్చుని ఆ నవ్వు వినేవాణ్ణి. మా ఇంట్లో ఆ నవ్వు ఉందన్న సంగతి నాకు ఆయన ఫోన్ వల్లనే తెలిసింది.

ఆటల గురించి ఆయనది ఒకటే మాట: "ముందుగాల కాళ్లు చూడాలె, తర్వాత ఆట చెప్పాలె." అందుకే ఆయన ఆటలన్నీ కూర్చున్నచోటే. ఒక ఏడాది కళ్లకు తువ్వాల కట్టి, ఒడిలో చీరలు పెట్టి, అంచు తడిమి ఆ చీర ఎవరిదో చెప్పమన్నాడు. గొర్లు కాసి ముసలివాడైన మా మామ ముందుకొచ్చాడు. "గొర్రెను తడిమితే ఏ ఇంటిదో చెప్పేటోణ్ణి, గీ చీరెంత!" అని, సొంత భార్య చీరను పట్టుకుని పక్కింటామె పేరు చెప్పాడు. మా అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. "గొర్రెను గుర్తువడ్తడు గని, నన్ను గుర్తువట్టడు!" టెంటు కింద నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు.

ఇంకో ఏడాది అల్లుళ్లు, కొడుకులు తలా ఒక గ్లాసు ఛాయ్ పెట్టాలన్నాడు. ఎవరు పెట్టారో అత్తమ్మ రుచి చూసి చెప్పాలి. నేను అల్లం దంచి, పాలు పొంగనిచ్చి, దించి, మళ్లీ పొంగనిచ్చి జాగ్రత్తగా పెట్టాను. ఆమె ఒక్కొక్కటే రుచి చూస్తూ నా గ్లాసు దగ్గర ఆగింది. కళ్లు మూసుకుని మళ్లీ తాగింది. "గిది మా పెద్దల్లుడే పెట్టిండు. ఇంకెవ్వరికొస్తది గింత మంచిగ?" అంది. మా తోడల్లుడే లేచి, "కాదత్తమ్మా, గది తమ్ముడు పెట్టింది. నాది గా పక్కకు పెట్టినవు సూడు, గదీ" అని గట్టిగా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఛాయ్‌కి వచ్చిన ఆ చప్పట్లు కూడా నిజం చెప్పినందుకు ఆయనకే కొట్టినట్టు నాకు అనిపించింది.

ఆ తర్వాతి ఏడాది ఆటలు నేనే పెడతానన్నాను. నా భార్య నన్ను వింతగా చూసింది. ఆయన మాత్రం, "పెట్టు తమ్మీ, నేను గూడ ఒక్కసారి కూసొని ఆడుకుంట" అన్నాడు. మార్కెట్‌యార్డులో ఎవరిదో పార్టీలో కుర్చీలాట చూశాను. అందరూ ఎగబడి ఆడారు. అదే ఇక్కడ పెట్టాను. కుర్చీలు గుండ్రంగా వేయించి, ఒకటి తగ్గించి, ఫోన్లో పాట పెట్టి, "తిరగుండ్రి" అన్నాను.

ఎవరూ లేవలేదు. అత్తమ్మ, ఆమె అక్కచెల్లెళ్లు, వాడకట్టు ముసలమ్మలు కుర్చీల చేతులు పట్టుకుని నన్నే చూస్తున్నారు. పాట దాని మానాన అది మోగుతోంది.

"ఏందిరా, అల్లుడు మమ్ముల ఉరికిస్తడట!" అని అత్తమ్మ చెల్లెలు చిన్నత్త మెల్లగా అంది. అందులో కోపం లేదు. కోపమైనా కొంత నయమయ్యేది.

అప్పుడు మా తోడల్లుడు కూర్చున్నచోటు నుంచే అందుకున్నాడు. "మీకు సమజ్ గాలే. మా తమ్ముని ఆట గట్ల కాదు. పాట ఆగంగనే అందరు లేవాలె. ఆఖరికి లేసినోళ్లదే గెలుపు. గని నడుమ ఆగొద్దు, లేస్తనే ఉండాలె."

పాట ఆగింది. పిల్లలు ఎంత ఆపుకున్నా నిలబడిపోయి ఓడిపోయారు. కోడళ్లు ఓడిపోయారు. చివరికి మా అత్తమ్మ ఒక్కతే మిగిలింది. చేతులు కుర్చీకి ఆనించి, నడుము ఎత్తి, పళ్లు బిగబట్టి, ఆగకుండా లేస్తూనే ఉంది. పూర్తిగా నిలబడ్డాక అందరివైపూ చూసి, "నా బతుకుల గీ మోకాళ్లు ఇయ్యాల్నే పనికొచ్చినయ్ బిడ్డా!" అంది. ఆయన ఈల వేశాడు. "గిది మా తమ్ముని ఆట!" అని నా వీపు తట్టాడు. కాదని అందరికీ తెలుసు. తిరుగు బస్సులో నా భార్య, "బావ లేకుంటే నీ ఇజ్జత్ పోతుండె" అంది. కిటికీలోంచి ఖాళీ చేలు చూస్తూ వచ్చాను.

ఈ ఏడాది పార్టీ ఉండదనుకున్నాను. ఇంట్లో మనిషి పోయిన ఏడాది ఏమీ చేయకూడదని చిన్నత్త కూడా అంది. అత్తమ్మ వినలేదు. "పెండ్లా ఏంది? ఛాయ్ తాగుడే గదా." మా వదినె కూడా, "ఆయన పెట్టింది ఆయనతోనే పోవద్దు. ఆటలు మరిది చెప్తడు" అంది. పార్టీకి ముందు రోజుల్లో మా ఇంట్లో ఫోన్ మోగలేదు. ఎవరి కాళ్లు ఎట్లా ఉన్నాయో నేనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కున్నాను. అడగాల్సిన మాట అడిగాక ఏం మాట్లాడాలో తెలియక పెట్టేసేవాణ్ణి. నా భార్య వంటింట్లోంచి వింటూ ఒకసారి కూడా నవ్వలేదు. ఆయన పోయినప్పటి నుంచి ఆమె అసలు నవ్వనేలేదు. ఏ ఆట పెట్టాలో ఎంత ఆలోచించినా, నాకు కావలసింది ఆ ఒక్క నవ్వేనని నాకు తెలుసు.

మొన్న అందరి చేతుల్లోకి ఛాయ్ వచ్చాక లేచి నిలబడ్డాను. మూడు నాలుగు ఆటలు అనుకుని వచ్చాను గానీ అన్ని మొహాలు ఒక్కసారి చూసేసరికి అవేవీ గుర్తుకు రాలేదు. చివరికి నాకు చేతనైనదే చెప్పాను. "ఛాయ్ అయిపోయేదాక ఎవ్వరు మాట్లాడొద్దు. మాట్లాడినోళ్లు, నవ్వినోళ్లు ఓడినట్టు."

"గిదేం ఆట?" అని చిన్నత్త అడిగి మొదటే ఓడిపోయింది.

తర్వాత అంతా సద్దుమణిగింది. ఛాయ్ జుర్రుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. మా వదినె గ్లాసులోకే చూస్తోంది. నా భార్య తల వంచుకుంది. తప్పు ఆట పెట్టానని, ఏడుపు కోసం పెట్టినట్టు ఉందని భయపడ్డాను. ఈమధ్య మా మామకు చెవులు వినపడవు. నేను చెప్పింది ఆయనకు అందనే లేదు. కాసేపు అటూ ఇటూ చూసి, పొలం అవతలికి కేక వేసినట్టు అడిగాడు: "ఏందే, అందరు గింత సల్లవడ్డరు? ఛాయ్ బాగలేదా?"

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. అప్పుడు పకపకమని నవ్వింది నా భార్య. గ్లాసులోని ఛాయ్ చీర మీద ఒలికినా చూసుకోలేదు. ఇక ఒక్కొక్కరే ఓడిపోయారు. మా వదినె నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, "మరిదీ, మీ అన్న ఉంటే పొయ్యి మీంచి ఛాయ్ దిగకముందే ఓడిపోతుండె!" అంది.

నిజమే. ఇన్నేళ్లలో ఆయన్ని ఓడించగల ఆట ఇదొక్కటే నాకు దొరికింది. అది ఆడటానికి ఆయన లేడు.

అందరూ ఆట మరిచిపోయి గలగలా మాటల్లో పడ్డారు. బజ్జీల గిన్నె ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతోంది. నేను ఇంకా మాట్లాడలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు. చేతిలో ఛాయ్ మీగడ కట్టింది. ఎదురుగా ఇంకొకరు ఓడిపోవాల్సి ఉన్నట్టు, పెదవులు బిగించుకుని అట్లాగే కూర్చున్నాను.