బావ తలకు కుట్టించిన టోపీ

ఈ ప్రయాణం ఒక దిష్టిబొమ్మ ఫొటోతో మొదలైంది. మా అక్క వాళ్లకు పులివెందుల పక్కన చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. పోయిన వేసవిలో బావ ఆ తోటలోనే వడదెబ్బకు పడిపోయి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మళ్లీ మధ్యాహ్నపు ఎండలోకి వెళ్తే ప్రాణానికే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ భయంతోనే ఈ ఏప్రిల్‌లో గుంటూరు నుంచి మంచి గడ్డి టోపీ ఒకటి పంపాను. వారం తిరక్కుండా అక్క వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. నా టోపీ తోటలో దిష్టిబొమ్మ నెత్తిన ఉంది. బావ వెటకారం నాకు కొత్త కాదు కాబట్టి నవ్వుకున్నాను గానీ భయం మాత్రం పోలేదు. ఆయన కాదనలేని టోపీ ఒకటి వెతికి, ఈసారి నేనే తీసుకెళ్లి ఇవ్వాలనుకున్నాను.

గుంటూరు బస్సు పొద్దున ఆరున్నరకు ప్రొద్దుటూరులో దించింది. నలభై రూపాయలకు మరమరాల ఉగ్గాని, బజ్జీ తిని, అంగళ్లు తెరిచేదాకా బజారంతా తిరిగాను. ఫ్యాన్సీ షాపుల్లో దొరికేవన్నీ నైలాన్ టోపీలు. పెట్టుకున్న ఐదు నిమిషాలకే నుదురు చెమటతో తడిసిపోయింది. నా అవస్థ చూసి ఒక బట్టల వ్యాపారి సందు చివర ఉండే టైలరు మస్తాన్ భాయ్ దగ్గరికి పంపాడు. ఆయన కువైట్‌లో పదకొండేళ్లు, భవనాల పని చేసే కూలీలకు టోపీలు కుట్టి వచ్చిన మనిషి.

"ఎవరికి సార్?" అన్నాడు.

"మా బావకి. తోట పని."

"టవాల చుట్టుకుంటాడా?"

"అది లేనిదే గడప దాటడు."

"అట్లయితే ఉత్త తల కొలత పనికిరాదు. టవాల మీద కొలవల్ల."

అక్కకు ఫోన్ చేశాను. అవతల గాలి హోరు. "తోటలో ఉండానురా, ఇంటికి పోయి కొలిచి చెప్తాలే," అంది ఆయాసపడుతూ. అరగంటకు కొలత వచ్చింది. దాని ప్రకారం మస్తాన్ భాయ్ తెల్లటి మందపాటి నూలుగుడ్డ కత్తిరించాడు. నాలుగు వేళ్ల వెడల్పు అంచు పెట్టి, దాని అడుగున ముదురు ఆకుపచ్చ గుడ్డ వేశాడు. అది ఎందుకని అడిగాను.

"ఎండ పైనించే కొడతాదనుకుంటారు అందరూ. నేలలోంచి గూడా కొడతాది సార్, కండ్లకు." సూది ఆపి మళ్లీ అడిగాడు. "ఇంట్లో ఇంకెవరన్నా ఎండలోకి పోతారా? ఆడోళ్లకైతే కొప్పు కోసం వెనక చీలిక పెట్టల్ల. ల్యాకపోతే టోపీ పైకి లేచి గాలికి పోతాది."

"ఎవరూ లేరు భాయ్. ఆయనొక్కడికే."

కుట్టడం అయ్యాక తన టవాల నా తలకు చుట్టి, పైన టోపీ పెట్టి, నన్ను వీధిలోకి తోలాడు. "అంగట్లో బాగుంటే సరిపోదు. ఈ ఊర్లో బంగారం గూడా గడప బయటికి తెచ్చి ఎండలో చూసుకుంటారు. పోయి నిలబడు సార్." పక్క బండి మీద నన్నారి సోడా తాగేంతసేపు నిలబడ్డాను. తల చల్లగానే ఉంది. టోపీ రెండొందల ఎనభై, నన్నారి ఇరవై రూపాయలు అయ్యాయి.

పదకొండు గంటల బస్సుకు గంటలోపే జమ్మలమడుగు చేరాను. గాలికి కూడా టోపీ ఆగుతుందో లేదో చూడాలని గండికోటకు ఆటో మాట్లాడాను. వెళ్లి రావడానికి ఐదొందలు.

"అందరూ మాపటేళ పోతారప్పా. ఈ ఎండలో ఏం చూస్తావు ఆడ?" అన్నాడు ఆటో ఆయన.

"టోపీ నిలబడుతుందా అని చూస్తా."

నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు. "దుడ్లు ముందే ఇయ్యప్పా," అన్నాడు.

ఆయన అన్నది నిజం, మీరు మాత్రం సాయంత్రమే వెళ్లండి. పెన్న లోయ అంచున బండలు కాలుతున్నాయి, గాలి చొక్కాను లాగేస్తోంది. నా తువ్వాలు తలకు చుట్టుకుని పైన పెట్టిన టోపీ మాత్రం కదల్లేదు. ఉత్సాహంగా దిగివచ్చి, ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాను. టికెట్ వంద లోపే. ఐదింటికల్లా అక్క వాళ్లింట్లో ఉన్నాను.

బావ వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. తలకు టవాల లేదు.

"ఏంరా, నీ టోపీలు ఇంకా అయిపోల్యా?" అన్నాడు నవ్వుతూ.

"దీన్నైనా దిష్టిబొమ్మకు పెట్టకండి బావా."

"నేను యాడ పెట్టినా? అది మీ అక్క పని. రెండు దినాలు పెట్టుకోని చూసింది. కొప్పు మీద నిలబడక ఎగిరి పోతాంటే బొమ్మకు పెట్టింది."

"అక్కెందుకు పెట్టుకుంది?"

"నేను తోట మొగం చూసి ఏడాదాయ. డాక్టరు వద్దన్నప్పట్నించి నీళ్లు కట్టేది, కాయ కోయించేది అంతా ఆయమ్మే. నీకు చెప్పల్యా?"

చెప్పలేదు. నేను అడగనూ లేదు. ఏడాదిగా ప్రతి ఆదివారం ఫోన్ చేసి "బావ ఎండలోకి వెళ్లడం లేదు కదా" అని అడిగేవాణ్ని. లేదనేది అక్క. మరి ఆ పని ఎవరు చేస్తున్నారో నాకు తట్టనే లేదు.

కాసేపటికి అక్క వచ్చింది. నెత్తిన తడిపిన పైటకొంగు, కమిలిన మొహం. "ఎంతసేపైంది వచ్చి? తిన్యావా?" అంటూనే టోపీ తీసి పెట్టుకుంది. అది కొప్పు మీద ఎత్తుగా, ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. "శానా బాగుండాదిరా. కొప్పు విప్పి జడేసుకుంటే సరిపోతాదిలే," అంది. ఇరవై ఎనిమిదేళ్ల కిందట అత్తారింటికి వచ్చిన అక్క మాట ఈ ఊరిదైపోయింది గానీ, సర్దుకుపోయే గుణం మాత్రం మా ఇంటినుంచి తెచ్చుకున్నదే. నాకు సిగ్గేసింది. ఆ రోజంతా ఎంతో తెలివిగా తిరిగాననుకున్నాను. గుడ్డ సంగతి, అంచు సంగతి, గాలి సంగతి అన్నీ ఆరా తీశాను. అసలు ఎండలో ఉన్న మనిషెవరని మాత్రం ఆరా తీయలేదు.

వేసవి టోపీ కొనబోయే వాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. తలకు టవాల ఉంటే టవాలతో, కొప్పు ఉంటే కొప్పుతో కలిపి దారంతో కొలిచి, ముడి వేసి పట్టుకెళ్లండి. కొలిచే ముందు, రోజూ ఎండలోకి వెళ్తున్నది ఎవరో ఇంట్లో అడగండి.

మర్నాడు పొద్దున్నే అక్క కొలత దారంతో ప్రొద్దుటూరు బస్సెక్కి, తొమ్మిదింటికి ఆ సందు చివర నిలబడ్డాను. మస్తాన్ భాయ్ దారం అందుకుని, ముడి చూసి, నా మొహం చూశాడు.

"ఇది కొప్పు కొలత గదా. నిన్న ఎవరూ ల్యారంటివే సార్?"

"ఉంది భాయ్. మా అక్క."

దారాన్ని గుడ్డ మీద పరిచి కత్తెర అందుకున్నాడు.