మా అత్తమ్మ బోణీ

పొద్దున మా మనవరాలు కాలేజీకి బయల్దేరుతూ దుకాణం అరుగు మీద ఆగి, ఫోన్ నా చేతిలో పెట్టి, "నాయనమ్మా, ఇట్ల పట్టుకో, కదపకు" అంది. ఫోన్‌లో దాని ముఖం దానికే కనిపిస్తోంది. బొట్టుబిళ్ళ పెట్టుకుంది, పీకింది, ఇంకాస్త పైకి పెట్టుకుంది. నా చెయ్యి వణికితే, "ఊయల ఊపినట్టు ఊపకు నాయనమ్మా" అని కసిరింది. చివరికి ఎవరి కోసమూ కాదు, తన కోసమే ఒక చిన్న నవ్వు నవ్వుకుని, ఫోన్ లాక్కుని ఆటో ఎక్కేసింది. ఆ నవ్వు నాకు తెలుసు. ఇదే అరుగు మీద, ఇదే చోట, ఎన్ని ముఖాల మీద చూశానో దాన్ని. సాయంత్రం అది తిరిగొచ్చాక ఆ మాటే అంటే, "అయితే చెప్పు, నేను రాస్తా. కానీ మెల్లగా చెప్పాలె, మధ్యల పచ్చళ్ళ సంగతికి పోవద్దు" అని షరతు పెట్టింది. సరే, పోను. రాసుకో.

మాది కుంట అనే ఊళ్ళో బజారు రోడ్డు మీద కిరాణా దుకాణం. ఇప్పుడున్న షట్టరు, గాజు అల్మారాలు అప్పుడెక్కడివి. నిలువు చెక్కల తలుపులు. పొద్దున ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించాలి, సాయంత్రం వరస తప్పకుండా పెట్టాలి. మూడో చెక్క నాలుగోదాని చోట పెడితే దుకాణం మూసుకోదు. భద్రాచలం దగ్గరి ఊరి నుంచి కొత్త కోడలిగా వచ్చిన నాకు మొదటి పరీక్ష ఆ చెక్కలే. చెక్కల ముందు అరుగు, అరుగుకు రెండు టేకు స్తంభాలు. వారానికోసారి సంత. సంత రోజు ఎర్రబోరు వైపు నుంచీ, ఇంకా లోపలి ఊళ్ళ నుంచీ జనం చింతపండు గంపలు, ఇప్పపువ్వు గంపలు నెత్తిన పెట్టుకుని చీకటితోనే నడక మొదలుపెట్టి, ఎండెక్కే వేళకు మా వీధిలో ఉండేవాళ్ళు. దుకాణంలో ఒకరితో దోర్లీ, ఒకరితో గోండీ, తహసీల్ ఆఫీసు బంట్రోతుతో హిందీ, ఇంట్లో తెలుగు. మా మామయ్య నాలుగు భాషల్లోనూ గొణిగేవారు.

గొణగడానికి ఆయనకు దొరికిన పెద్ద కారణం అద్దం. అది అత్తమ్మ పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన అద్దం, మూరెడు పొడుగు, చుట్టూ చెక్కిన టేకు చట్రం. అది ఇంట్లోంచి స్తంభానికి ఎందుకెక్కిందో అత్తమ్మే నాకు చెప్పింది. నేను రాకముందు ఒక సంత రోజు, పూసలమ్మే అతని దగ్గర ఒక పిల్ల ఎర్రపూసల దండ కొనుక్కుని మెళ్ళో వేసుకుంది. ఎలా ఉందో చూసుకోవడానికి అద్దం లేదు. మా అరుగు మీద దాహానికి పెట్టిన నీళ్ళ గంగాళం మీదికి వంగింది. సరిగ్గా అప్పుడే ఎవరో చెంబు ముంచారు, ముఖం చెదిరిపోయింది. ఆ పిల్ల నీళ్ళు కుదురుకునేదాకా ఆగి మళ్ళీ వంగింది, మళ్ళీ ఎవరో చెంబు ముంచారు. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి అత్తమ్మ పొయ్యి మీద పప్పు పొయ్యి మీదే వదిలేసి, గోడ మీద అద్దం దింపి తెచ్చి, స్తంభానికి మేకు కొట్టించి తగిలించింది. పప్పు మాడింది. మామయ్య ఆ మాడిన పప్పు సంగతి ఇరవయ్యేళ్ళు చెప్పారు.

ఇక సంత రోజు మా స్తంభం దగ్గర చూడాలి సందడి. ఆడవాళ్ళు పూసలు చూసుకునేవాళ్ళు, కొప్పులో పువ్వు అటు కాదు ఇటు అని పక్కమనిషి చేత మార్పించుకునేవాళ్ళు. మగవాళ్ళు ఊరికే పోతున్నట్టు పోతూ ఒక్క క్షణం ఆగి పళ్ళు చూసుకునేవాళ్ళు. తహసీల్ బంట్రోతు టోపీ మూడుసార్లు సర్దుకుని, నేను చూస్తున్నానని తెలిసి, ఉప్పు ధర అడిగేవాడు. అందరికంటే నాకు ఇష్టం ఎర్రబోరు అవ్వ. వెదురు చాటలు అల్లి తెచ్చేది. చాటల కట్ట కింద పెట్టి, అద్దం ముందు నిలబడి, లోపలి మనిషిని దోర్లీలో పలకరించేది. "ఆఁ, ఇంకా ఉన్నవా?" అనేది. జవాబు తానే తల ఊపి ఇచ్చేది. వెంటనే నవ్వేది. ఆ తర్వాతే బేరం, బజారు, అన్నీ. అత్తమ్మ బియ్యం బస్తాల సందులో పీట వేసుకుని కూర్చుని ఇదంతా చూసేది. "ఏడుపు ముఖంతో ఒక్కలన్న పోయిన్రా చూడు" అనేది నాతో. ఆమెకు సినిమా అదే, షికారు అదే.

మామయ్యకు మాత్రం ప్రాణ సంకటం. మాది వ్యాపారం ఇల్లు. పొద్దున మొదట మెట్టెక్కిన మనిషి ఏదో ఒకటి కొనాలి, దాన్నే బోణీ అంటాం. ఆ మనిషి వట్టి చేతులతో దిగిపోతే రోజంతా అలాగే ఉంటుందని భయం. అద్దం వచ్చాక మొదట మెట్టెక్కేవాళ్ళంతా ముఖం చూసుకుని నవ్వి దిగిపోయేవాళ్ళే. "ఇది దుకాణమా, మంగలి కొట్టా? తీసి అవతల పారేస్త దీన్ని" అని మామయ్య. "ఒక బోణీయే కద మీకు కావలె, చేపిస్త" అని అత్తమ్మ.

ఎలా చేయించిందో విను. అప్పటినుంచీ ప్రతి సంత రోజూ మామయ్య చెక్కలు తీసి అగరుబత్తి వెలిగించగానే, అత్తమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, వెనక తలుపు తీసుకుని సందులోంచి చుట్టూ తిరిగి, కొంగు నెత్తిన కప్పుకుని, ఎవరో పరాయి మనిషిలా దుకాణం మెట్టెక్కేది. ముందు అద్దంలో ఒకసారి చూసుకునేది. ఆ తర్వాత, "అగ్గిపెట్టె ఇయ్యండి" అనేది. మామయ్య తలెత్తకుండా, "ఒకటేనా?" అనేవారు. "ఒకటి చాలు." ఆమె నాణెం ఇచ్చేది, ఆయన దాన్ని కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసేవారు. కొసరుగా ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేవారు. అది నోట్లో వేసుకుని ఆమె మళ్ళీ సందులోంచి ఇంట్లోకి వచ్చి కట్టెలు ఎగదోసేది. నేను మొదటిసారి చూసి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఇంట్లో ఒకరితో ఒకరు ఉప్పెక్కువైందనీ తక్కువైందనీ తప్ప మాట్లాడుకోని ముసలివాళ్ళు, వారానికోసారి ఇలా అపరిచితుల్లా కలుసుకునేవాళ్ళు. ఆ రోజు మామయ్య తప్పకుండా గడ్డం గీసుకునేవారు. ఇది రాశావా? రాయి, రాయి. వాళ్ళేం అనుకోరు.

ఇప్పుడు నా నిర్వాకం. పెళ్ళయిన రెండో ఏడు మా అమ్మ నాకు ముక్కుపుడక పంపింది. సంతకు ముందు రోజు మధ్యాహ్నం, వీధి నిద్రపోతోంది. మామయ్య గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టుకుని కునుకు తీస్తున్నారు. మీ తాత లోపల బస్తాలు సర్దుతున్నారు. అత్తమ్మ పక్కింట్లో ఉంది. నేను అద్దం తుడిచే వంకతో అరుగు మీదికొచ్చి, స్తంభం నీడలో పుడక మెరవడం లేదని, అద్దాన్ని మేకు నుంచి తీసి ఎండ వైపు పట్టుకున్నాను. మెరిసింది. నిజంగానే బాగుంది. ఇంకొంచెం పక్కకు తిప్పుదామనుకున్నాను. పాత చట్రం మూల నా చేతిలోనే ఊడిపోయి, అద్దం జారి అరుగు అంచున పడి ముక్కలైంది.

మామయ్య కళ్ళు తెరిచారు. ముక్కల్ని చూశారు, నన్ను చూశారు, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. నేను చాటలోకి పెంకులు ఎత్తుతుండగా అత్తమ్మ వచ్చింది. వట్టి మేకు చూసి నావైపు తిరగనే లేదు. నేరుగా ఆయనతోనే అంది, "అంటంటా ఆఖరికి అన్నంత పని చేసిన్రా?" నేను వంచిన తల ఎత్తకుండా పెంకులు ఏరుతూనే ఉన్నాను. మామయ్య ఒక్క క్షణం నావైపు చూసి, "ఊఁ" అన్నారు. అంతే. అత్తమ్మ నా చేతిలోంచి చాట తీసుకుని, పెంకులు తనే తీసుకెళ్ళి పెరట్లో పాతిపెట్టింది. ఆ పూట వంటలో ఉప్పెక్కువైంది, అయినా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నిజం చెప్పాలని రెండుసార్లు వంటింటి గడప దాకా వెళ్ళాను. పెద్దాయన నా తప్పు నెత్తిన వేసుకున్నాక, అది దించడం ఎలాగో నాకు తెలియలేదు. ఇరవయ్యేళ్ళ పిల్లను, ఏం తెలుస్తుంది.

తెల్లారింది, సంత. మామయ్య చెక్కలు తీశారు, అగరుబత్తి వెలిగించారు, గల్లాపెట్టె ముందు కూర్చున్నారు. అత్తమ్మ స్నానం చేసింది, ఉతికిన చీర కట్టుకోలేదు. పొయ్యి దగ్గర కూర్చుని వెనక తలుపు వైపు వీపు పెట్టింది. బయట జనం చేరుతున్నారు. ఉప్పు అడిగితే మామయ్య, "కూసోండి, ఇంక బోణీ కాలే" అంటున్నారు. మీ తాత తక్కెడ పట్టుకుని అటూ ఇటూ చూస్తూ, "నాయినా, ఇయ్యకపోతే పక్క దుకాణానికి పోతరు" అన్నారు. "పోనీ" అన్నారు మామయ్య. "ఉప్పు అడిగినోళ్ళే బోణీ కద?" అన్నారు మీ తాత. "నీకు తెల్వదు, నోరు మూస్కో." ఎర్రబోరు అవ్వ వచ్చి, వట్టి మేకు ముందు నిలబడి, చేత్తో స్తంభం తడిమి, "లోపలి ముసల్దేది?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. అప్పుడు నాకర్థమైంది, నేను పగలగొట్టింది ఒక్క అద్దాన్నే కాదని. అత్తమ్మ రాకపోతే మామయ్య ఈ రోజే కాదు, ఏ సంత రోజూ తక్కెడ ముట్టరు.

వంటింట్లోకి వెళ్ళి పొయ్యి పక్కన కూలబడ్డాను. "అత్తమ్మా, అద్దం మామయ్య పగలగొట్టలే. నేను."

ఆమె గరిటె ఆపింది. "ఏం చేస్తుంటే?"

"ముక్కుపుడక ఎట్లుందో చూసుకుందామని ఎండకు పట్టిన."

నా ముక్కు వైపు చూసింది. "ఎట్లుంది?"

నాకు ఏడుపొచ్చింది. "బాగుంది అత్తమ్మా."

"బాగుంటే ఇంకేంది, ఏడుస్తవ్? గది చూసుకునేటందుకే కద దాన్ని పెట్టింది." గరిటె పక్కన పెట్టింది. తనలో తానే అన్నట్టు, "మరి ఆ మనిషి ఊఁ అన్నడేందే?" అంది. గబగబా లోపలికెళ్ళి ఉతికిన చీర కట్టుకొచ్చింది. అలవాటుగా అరుగు వైపు చూసి, స్తంభానికి అద్దం లేదని గుర్తొచ్చి, నావైపు తిరిగింది. "బొట్టు సక్కగ ఉందా?" నేను వేలితో కొంచెం సర్దాను. వెనక తలుపు తీసుకుని సందులోకి నడిచింది. నేను ముందు గదిలోంచి పరిగెత్తాను, ఎలాగైనా చూడాలి కదా.

చూద్దును కదా, మామయ్య అప్పుడే స్టూలు మీంచి దిగుతున్నారు. మేకుకు ఆయన గడ్డం గీసుకునే గుండ్రటి అద్దం వేలాడుతోంది, అరచేయంత. ఒక పక్కన సబ్బు మరక కూడా ఉంది దానికి. ఏమీ ఎరగనట్టు వెళ్ళి కూర్చున్నారు. అత్తమ్మ కొంగు నెత్తిన కప్పుకుని మెట్టెక్కింది. స్తంభం దగ్గర ఆగింది. ఆ చిన్న అద్దాన్ని చూసింది, కొంగు అంచుతో సబ్బు మరక తుడిచింది, ముఖం చూసుకుంది. ఎంతసేపంటే, వెనక జనం కదలసాగారు.

"అగ్గిపెట్టె ఇయ్యండి."

"ఒకటేనా?" మామయ్య తలెత్తలేదు.

"రెండియ్యండి. ఒకటి మా కోడలికి."

ఆయన తలెత్తారు. అన్నేళ్ళలో ఆ మాట మారడం అదే మొదటిసారి. రెండు అగ్గిపెట్టెలు, రెండు బెల్లం ముక్కలు ఇచ్చారు. వెనకాలే ఎర్రబోరు అవ్వ అద్దం ముందు నిలబడింది. అందులో ఆమె ముక్కూ ఒక కన్నూ తప్ప ఏమీ పట్టలేదు. "ఇంకా ఉన్నవా?" అని అడిగి, అటూ ఇటూ జరిగి వెతికి, "సగమే వచ్చినవ్, తక్కిన సగం ఇంట్ల వదిలినవా?" అంది. ఈసారి అరుగంతా నవ్వింది. మామయ్య గొణుగుతూనే ఉప్పు తూచడం మొదలుపెట్టారు.

పెద్ద అద్దం కొందామని మీ తాత చాలాసార్లు అన్నారు, అత్తమ్మ ఒప్పుకోలేదు. చిన్న అద్దంలో ముఖం మొత్తం ఒకేసారి పట్టదు కాబట్టి పక్కవాళ్ళు చెప్పాలి, పువ్వు ఇటు జరుపు, పూసలు అటు లాగు అని. అందువల్ల మాటలు పెరిగాయి, సందడి పెరిగింది, మామయ్య గొణుగుడూ పెరిగింది. వాళ్ళిద్దరూ పోయాక సంత రోజు మెట్టెక్కేది నేనయ్యాను, గల్లా ముందు మీ తాత. ఇప్పుడు గల్లా ముందు మీ నాన్న. మోకాళ్ళు సహకరించవు, సందులో మోటారు బండ్లు అడ్డం, అయినా చుట్టూ తిరిగే వెళ్తాను. "ఒకటేనా అమ్మా?" అంటాడు వాడు, అది కూడా అచ్చం మా మామయ్య గొంతుతోనే. ఇంట్లో గ్యాస్ పొయ్యికి లైటర్ ఉంది. అగ్గిపెట్టెలు అల్మారా నిండా ఉన్నాయి. అవేం చేస్తానని మీ అమ్మ అడుగుతూ ఉంటుంది.

మేకు అదే, గుండ్రటి అద్దం కూడా అదే. వెనక పూత ఊడి మచ్చలు పడ్డాయి, అందులో ముఖం కంటే మచ్చలే ఎక్కువ. అందుకే కాబోలు, ఇంతసేపూ రాసి అలిసిపోయిన మా మనవరాలు ఇప్పుడు ఫోన్ తిప్పి నా ముఖం ముందు పెట్టింది. "చూస్కో నాయనమ్మా, ముక్కుపుడక ఎట్లుందో." చూసుకున్నాను. పుడక అదే. దాని చుట్టూ ఉన్న ముఖమే ఎవరిదో. "ఇంకా ఉన్నవా?" అని అడిగాను, లోపలి ముసల్ది తల ఊపింది. రేపు సంత. మనవరాల్ని కూడా వెనక సందులోంచి తీసుకెళ్ళి, రెండు అగ్గిపెట్టెలు అడుగుతాను. గంగాళంలో నీళ్ళలోలాగే కాలంలో కూడా ఎవరో ఒకరు చెంబు ముంచుతూనే ఉంటారు, మనం కొంచెం ఆగి మళ్ళీ వంగి చూసుకోవడమే.