గేటు కాడ పిల్ల, గ్యాలరీల నేను

మ్యాచ్ అంటే క్యాంటీన్ టీవీల సూపెడ్తరనుకున్న. నా తప్పు గదే. ముందుగాల్నే ఒప్పుకుంటున్న, తర్వాత నన్నెవ్వలూ అడగొద్దు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల ముచ్చట. గడ్డపోతారంల ఓ మందుల ఫ్యాక్టరీ, అండ్ల ప్యాకింగ్ సెక్షన్. నేను కాంట్రాక్ట్ కింద పనిజేస్తుంటి. గోలీల స్ట్రిప్పులు డబ్బలల్ల పెట్టుడు, మూతేసుడు, లేబుల్ అంటిచ్చుడు. పొద్దుగాల ఎనిమిదింటికి లోపటికి పోతే మళ్ల ఆరింటికే బయటవడేది. పర్మినెంటోళ్లకు కాన్పు సెలవు జీతంతోని ఇస్తరు. మాకేముంది? మనం రాకుంటే ఇంకోతి వస్తది, గంతే. నా బిడ్డకు నాలుగో నెల వడంగనే పనిలకెక్కిన.

పొల్ల శీసా పట్టకపోయేది. ఆవుపాలు పోసిచూసినం, డబ్బా పాలు పోసిచూసినం, నాలికతోని బయటికి నూకేది. అందుకని మా అత్త రోజూ పదకొండింటికి, చాయ్ బ్రేక్ టైంకు, పిల్లను సంకనేసుకొని ఊరికెల్లి గేటు కాడికి నడుసుకుంట వస్తుండె. వాచ్‌మన్ రూం ఎన్క ఓ పాత తాటిపత్రి కట్టుంటుండె. దాని చాటుకు కూసొని పది నిమిషాలల్ల పాలిచ్చి లోపటికి ఉరుకుతుంటి. మళ్ల మూడింటికి ఇంకోపారి. మొదట్ల అట్ల పాలిచ్చేటోళ్లం నలుగురం ఉంటిమి. వాళ్ల పిల్లలు పెద్దగై పాలు మరిసిండ్రు. ఆఖరికి గేటు కాడ నేనొక్కదాన్నే మిగిలిన.

పాలిచ్చే తల్లి ఫ్యాక్టరీల ఇంకొకామె ఉండె. క్యాంటీన్ల గిన్నెలు తోమేది. ఆమె పిలగాణ్ని క్యాంటీన్ ఎన్క చీరె ఉయ్యాలల ఏసి పనిజేసుకునేది. మా ఊరామెనే, ఊరవతలి వాడ. ఆమె అత్తమామలు మా చేన్లకు కూలికొచ్చేటోళ్లు. చేను ఫ్యాక్టరీకి పోయింది, కోడండ్లం ఇద్దరం అదే ఫ్యాక్టరీల పనికి చేరినం. అయినా మా అత్తకు పటేలమ్మతనం పోలే. దూప అని ఆమె వస్తే చెంబు పైకెత్తి దోసిట్ల నీళ్లు పోసేది, చెంబు తాకనియ్యకపోయేది. నేను పుట్టినకాన్నుంచి గిట్లనే సూసిన, అందుకని నాకూ తప్పనిపియ్యలే.

ఇగ ఆ రోజు సంగతి. ముందురోజు సూపర్‌వైజర్ వచ్చి, "రేపు ఆప్రాన్లు ఉతుక్కొని రాండ్రి, ఆడోళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది, మన దేశంది" అన్నడు. క్రికెట్ ఉన్నప్పుడు క్యాంటీన్ టీవీ ముందల కూసోపెట్టేటోళ్లు. ఇదీ గట్లనే అనుకొని, "ఎప్పటిలెక్కనే పదకొండింటికి రా" అని అత్తకు చెప్పొచ్చిన. తెల్లారి పదిగొట్టంగ రెండు బస్సులొచ్చి గేటు లోపట నిలవడ్డయ్. హైదరాబాద్ స్టేడియంకంట! గ్యాలరీలు ఖాళీగుంటే బయటి దేశపోళ్ల ముందల పరువు పోతదని పెద్ద సార్‌కు ఎవరో చెప్పిండ్రట. ఆడోళ్లందరిని నింపుకపోతరట.

"సార్, నా పిల్ల పదకొండింటికి వస్తది, నేను రాను" అన్న.

"మూడు నాలుగింటికల్లా వచ్చేస్తం. రాకుంటే నాగా ఏస్త, రేపటికెల్లి రానేవద్దు" అన్నడు.

నేను ఊకుండే మనిషిని కాదు. "నీ ఇంట్ల పిల్లల్లేరా, నీకు తల్లి పాలియ్యలేదా" అని అడిగిన. ఆయన లిస్టు సూసుకుంట బస్సు దిక్కు చెయ్యి సూపెట్టిండు. మా ఇంటాయనకు గప్పుడు పనిలేదు, లేఆఫ్. నా ఒక్కదాని హాజరీ మీద ఇల్లు నడుస్తుండె. ఎక్కిన.

బస్సు కదిలేముందు గిన్నెలు తోమే ఆమె తడిచేతులతోని ఉరికొచ్చింది. "సార్, నేను గూడ వస్త" అన్నది. "క్యాంటీనోళ్లకు యూనిఫాం లేదు, పో" అన్నడు సూపర్‌వైజర్. ఆమె అక్కడనే నిలవడి బస్సు దిక్కు సూస్తుండె. నాకు ఆమె మొఖం సూసే సోయి ఏడుంది? కిటికీలకెల్లి తలకాయ బయటవెట్టి, "ఏమే, పదకొండింటికి మా అత్త వస్తది, నన్ను గిట్ల తోలుకపోయిండ్రని చెప్పు!" అని ఒర్రిన. ఆమె తలకాయ ఊపింది.

స్టేడియంకు పన్నెండింటికే చేర్చిండ్రు. తలా ఓ పులిహోర పొట్లం, ఓ కాయితం జెండా. మ్యాచ్ మూడింటికంట! అంటే వాపస్ పోయేదెప్పుడు? పులిహోర గొంతు దిగలే. నా పక్కన ఉన్నామె "ఎట్లనన్న అయితదిలే, జెర తిను" అంటది. ఎట్లనన్న అయితదంటే ఎట్లయితది? పదకొండు ఎప్పుడో దాటింది. నా పొల్ల గీపాటికి గుప్పిట్లు బిగవట్టి ఏడుస్తుంటది. రొమ్ములు రాళ్లోలె గట్టివడ్డయ్, ఆప్రాన్ ముందర చేతులు కట్టుకొని కూసున్న.

సూపర్‌వైజర్ కాడ సెల్‌ఫోన్ ఉండె. అడిగితే బ్యాలెన్స్ లేదన్నడు. లేదో, ఉండి లేదన్నడో, వాని పాపం వానికే ముడుతది.

గ్యాలరీల సగం గూడ నిండలే. మేం, ఏవో కాలేజీ పిల్లలు, పోలీసోళ్లు, మా ముందటి వరుసల తెల్లటోపీ ఏసుకున్న ఓ ముసలాయన. ఆయన వయసుల ఉన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడిండట. మూడు గొట్టంగ పొల్లలు గ్రౌండ్లకొచ్చిండ్రు. నిక్కర్లు, బూట్లు, మోకాళ్ల దాంక మేజోళ్లు. మా ఆడోళ్లల్ల సగం మంది కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్విండ్రు. నేను నవ్వలే, ఏడ్వలే. నా కండ్లు గ్రౌండ్ మీద లేవు, బయటికి పోయే గేటు మీదున్నయ్. గేటుకు తాళం ఏసుంది.

మా పొల్లలు చిన్నగుంటుండ్రు, అవతలోళ్లు తాడెత్తు. ఏమైతుందో నాకు సమజ్ కాలే. ముసలాయన మాత్రం లేస్తడు, కూసుంటడు, "అరె, పాస్ దేవ్ బేటీ, పాస్!" అని నెత్తి కొట్టుకుంటడు. మధ్యల ఆపినప్పుడు ఆయననే అడిగిన, "తాతా, ఇంకెంతసేపు?"

"ఆధా హువా అమ్మా. ఇంకా సగం ఉంది."

నాకు ఏడుపొచ్చింది. ఆయన పరేషానై ఏమైందని అడిగిండు. పాల పిల్లను ఇడిసొచ్చిన, మా అత్త గేటు కాడ కూసుంటదని చెప్పిన. ఆయన కుర్తా జేబుల చెయ్యివెట్టి రూపాయి బిళ్ల తీసిచ్చి, మెట్ల కింద ఎర్ర డబ్బా ఫోన్ ఉంది, జల్దీ పో అన్నడు. నా గేట్ పాస్ మీద ఫ్యాక్టరీ నంబర్ అచ్చేసుండె. ఉరికిన.

బిహార్ వాచ్‌మన్ ఎత్తిండు. నా తెలుగు ఆయనకు రాదు, ఆయన హిందీ నాకు సగమొస్తది. "బుడియా బైఠీ హై," అన్నడు. అత్త అక్కడనే ఉంది! "బచ్చీ బహుత్ రో రహీ హై. సుబే సే." పొద్దటికెల్లి ఏడుస్తనే ఉన్నదట. "అత్తకు చెప్పు, నాకు పొద్దుగూకుతది, షామ్ హోగా, షామ్!" అన్న. ఆయన ఏమో అనబోయిండు, ఫోన్ కట్టయింది. ఇంకో రూపాయి లేదు. డబ్బాను ఒక్కటి గుద్దిన, చెయ్యే నొచ్చింది.

వాపస్ వచ్చి కూసున్న. శక్కరి నీళ్లన్న తాపిందో లేదో. ఏడ్సి ఏడ్సి ఊపిరి బిగవడితే? సోలిపోతే?  దేవునికి మొక్కుదామంటే ఏ దేవుడు గూడ గుర్తుకొస్తలేడు.

గప్పుడు జరిగింది అది. ఏడో నంబర్ పొల్ల, చెవుల దాంక కత్తిరిచ్చిన జుట్టు, నా కంటె పొట్టిగుంటది. అవతలి తాడెత్తు పిల్ల వచ్చి నూకితే అది ఎల్లెలకల వడ్డది. మోకాలుకెల్లి రక్తం. పెద్దయినకెల్లి నా కండ్లముందల ఓ ఆడివిల్ల గిట్ల మట్టిల వడితే ఎవ్వలో ఒకలు "ఎట్ల వడ్డవే, జాగర్త ఉండవద్దా" అనకుండ ఉన్నది సూడలే. అది లేసింది. ఎవ్వల దిక్కు సూడలే. మోకాలు తుడ్సుకోలే. మళ్ల బాల్ ఎన్క వడ్డది.

నేను ఎప్పుడు లేసి నిలవడ్డనో తెల్వది. "ఉరుకు! ఉరుకు పిల్లా! నీ తల్లి కడుపు సల్లగుండ, ఉరుకు!" అని ఒర్రుతున్న. గొంతు పలిగిపోతుండె. నా పక్కోళ్లు గూడ లేసిండ్రు, కొంగులు నడుముకు చెక్కిండ్రు. అందరం బల్లల మీదికెక్కినం. ఏడో నంబర్ పొల్ల ఇద్దర్ని తప్పిచ్చింది, మూడో ఆమె కాళ్ల సందుకెల్లి తన్నింది. బాల్ పొయి గోల్ జాలిల వడ్డది. అయ్యో, గప్పటి మా లొల్లి! ముసలాయన టోపీ ఎగరేసిండు. నేను పక్కామెను పట్టుకొని ఎగురుతున్న.

ఎగురుతుంటె పాలు చేపినయ్. రవికె, ఆప్రాన్ రెండూ తడిసినయ్. గప్పుడు యాదికొచ్చింది, నాకో బిడ్డున్నదని.

పది నిమిషాలో, పావుగంటనో. అంతసేపు నా పొల్ల నా మనసుల లేనేలేదు. కూలవడి కూసున్న. అట్లెట్ల మరిసిన? ఏ తల్లన్న మరుస్తదా? నన్ను నేను గుంజి కొట్టుకోవాలనిపిచ్చింది. ఆ తర్వాత ఆట ఏమైందో తెల్వది. అవతలోళ్లు రెండు కొట్టి గెలిచిండ్రని బస్సుల చెప్తే విన్న.

వాపస్ తొవ్వ ఎంతకూ ఒడవలే. కూకట్‌పల్లిల జాం. మియాపూర్ కాడ లారీ అడ్డం. "అన్నా, జెర జల్దీ పోనియ్యే" అని డ్రైవర్‌ను ఎన్నిసార్లు అడిగిన్నో, ఆఖరికి ఆయన "రెక్కలు కట్టాల్నా అమ్మా" అన్నడు. ఫ్యాక్టరీ కాడ దిగేవరకు పొద్దుగూకుతుండె.

మా అత్త వాచ్‌మన్ రూం ముందటి బండ మీద కూసుంది, తొడ మీద పిల్ల. పిల్ల కదుల్తలేదు. 

"వచ్చినవా మారాణీ! ఆట సూసొచ్చినవా!" అన్నది అత్త. "పిల్ల బతికిందా సచ్చిందా అని ఒక్కపారన్న అనుకున్నవా?"

 పిల్లను గుంజుకొని రొమ్ముకు పెట్టుకున్న. పొల్ల నిద్రల మొఖం తిప్పుకుంది. మళ్ల పెట్టిన, మళ్ల తిప్పుకుంది. దాని కడుపు నిండుగుంది. పెదిమెల సందున పాల తడి.

"ఎవ్వలిచ్చిండ్రు అత్తమ్మా?"

అత్త క్యాంటీన్ దిక్కు సూసింది, మళ్ల నేలకు సూసింది. మూడింటికన్న వస్తనేమోనని సూసుకుంట, వాచ్‌మన్ ఫోన్ సంగతి చెప్పిందాంక పిల్లను ఎవ్వలకియ్యలేదట. పొద్దుగూకుతదని తెలిసినంక, పిల్ల గొంతు పోయి సప్పుడే రాకుంటైనంక, తనే లేసి క్యాంటీన్ ఎన్కకు తీసుకపోయి ఆమె చేతులల్ల పెట్టిందట. చెప్పి, నా రెట్ట గట్టిగ పట్టుకుంది. "ఊర్ల ఎవ్వలకన్న చెప్పినవో, నా మీదొట్టు."

తెల్లారి పదకొండింటికి అత్త ఎప్పటిలెక్కనే వచ్చింది. జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు కాయితంల కట్టి తెచ్చింది. గిన్నెలు తోమే ఆమెను పిలిచి ఇచ్చింది. ఇచ్చుడు మాత్రం పైకెల్లే, చెయ్యి తగలకుండ దోసిట్ల పడేసింది. నిన్న ఆ చేతులల్లనే నా బిడ్డను పెట్టింది. సూపర్‌వైజర్‌తోని లొల్లి పెట్టుకున్న నేను, గప్పుడు నోరు మూసుకొని నిలవడ్డ. ఇప్పటికీ సిగ్గయితది.

అత్త పోయినంక ఆమె పొట్లం కొంగుల కట్టుకొని నా దగ్గరికొచ్చింది. ఏమన్న అడుగుతదేమో, ఏమిచ్చినా ఇయ్యాలె అనుకున్న.

"అక్కా, మ్యాచ్ ఎట్లుండె?" అన్నది.

ఏడో తరగతి దాంక హాస్టల్‌ల చదివిందట. పీటీ సారు ఒక్క బాల్ ఇస్తే నలభై మంది పొల్లలు ఉట్టికాళ్లతోని ఆడేటోళ్లట. ఏడో తరగతి కాంగనే పెండ్లి చేసిండ్రట. "బూట్లు ఏసుకున్నరా? నిక్కర్లేనా? ఎవ్వలేమన్లేదా?" అని ఒకటే అడుగుడు. రానన్న నన్ను తోలుకపోయి, వస్తనన్న ఆమెను ఇడిసిపెట్టి పోయిండ్రు. నేను పోయి గేటు సూసుకుంట కూసున్న. ఏం చెప్పాలె? నాకున్నది ఆ ఒక్క గోలే. అదే చెప్పిన, పొల్ల వడ్డకాన్నుంచి బాల్ జాలిల వడ్డదాంక. ఆమె రెండోపారి చెప్పిచ్చుకుంది.

 ఇంట్ల ఎవ్వలకూ చెప్పని మాట ఆమెకు చెప్పిన. "చెల్లె, ఆ గోల్ కొట్టేటప్పుడు నేను నా బిడ్డను మరిసిన."

ఆమె నవ్వింది. "నా ఒళ్లెనే ఉండె గదక్కా, నువ్వు మరిస్తేంది?"