సిస్టరుగారి సబ్బుల సంచి

మొన్న నందిగామ బస్టాండులో ఒక చిన్న వయసు కాన్వెంటు సిస్టరు, గుడ్డసంచి నిండా సబ్బులు పెట్టుకుని, సబ్‌జైలుకు వస్తావా అని ఆటో అతన్ని అడుగుతుంటే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా ఈడువాళ్లు మీరు, మీ దగ్గర దాపరికమెందుకు.

జగ్గయ్యపేటలో నేను పంతులమ్మగా చేరిన బడికి హెడ్మిస్ట్రెస్ ఒక సిస్టరుగారు. సుద్దముక్క వృథా అయినా ఊరుకునేవారు కాదు. అలాంటావిడ రిటైరయ్యాక, కాన్వెంటులో జపమాల తిప్పుకుంటూ కూర్చోవలసిన వయసులో, ప్రతి గురువారం బస్సెక్కి నందిగామ జైలుకు వెళ్లడం మొదలుపెడితే, ఇన్నాళ్లూ మమ్మల్ని హడలగొట్టింది చాలక ఇక ఖైదీల మీద పడ్డారని మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్లం. ఏం నేరం చేశావని ఆవిడ ఎవరినీ అడిగేవారు కాదు. నీకోసం ఎవరొస్తారని మాత్రం అడిగేవారు. ఎవరూ లేనివాళ్లకే సబ్బూ, తువ్వాలూ. అయినవాళ్లున్న మనిషికి ఏమీ మోసేవారు కాదు, అది ఇంటివాళ్లు చేయవలసిన పని అని.

ఆ రోజుల్లోనే వత్సవాయిలో మా అన్నయ్య, పత్తిచేను గట్టు తగాదాలో పక్క రైతు తల పగలగొట్టి అదే జైలుకు వెళ్లాడు. అమ్మానాన్నా పోయాక కూలికి వెళ్లి నన్ను చదివించినవాడు. అయినా నేను చూడటానికి వెళ్లలేదు. బళ్లో తెలిస్తే తలెత్తుకోలేనని భయం. చివరికి ఉండబట్టలేక, ఒక బుధవారం సాయంత్రం గోంగూర పచ్చడి డబ్బా పట్టుకుని కాన్వెంటుకు వెళ్లి, అన్నయ్య పేరు చెప్పి ఇమ్మన్నాను.

ఆవిడ డబ్బా అందుకుని, ఆ పేరు ఇంకోసారి చెప్పించుకున్నారు.

"అతనా? నాకెవరూ లేరన్నాడమ్మా. మూడు నెలల్నుంచి సబ్బులు నేనే ఇస్తున్నా."

నా పరువు కోసం అన్నయ్య అంత అబద్ధం ఆడాడు. నేను ఏడుస్తుంటే డబ్బా తిరిగి నా చేతిలోనే పెట్టి, "రేపు ఏడున్నర బస్సుకి రా. నువ్వే ఇద్దువుగాని" అన్నారు.

వెళ్లాను. చిక్కిపోయిన అన్నయ్య ఊచల వెనక నుంచి నన్ను చూసి, "నువ్వెందుకొచ్చావే, బళ్లో తెలిస్తేనో?" అని నన్నే కోప్పడ్డాడు. సిస్టరుగారు ఏమీ ఎరగనట్టు అవతల ఇంకొకరితో మాట్లాడుతూ నిలబడ్డారు. ఆ వారం నుంచి అన్నయ్యకు ఆవిడ ఏమీ ఇవ్వలేదు, ఇవ్వవలసిన అవసరం నేను రానివ్వలేదు.

ఇప్పుడు అన్నయ్యా లేడు, ఆవిడా లేరు. రోడ్డు వెడల్పు చేశాక జగ్గయ్యపేట నుంచి నందిగామ అరగంట ప్రయాణం అంటున్నారు. అప్పట్లో ఎర్రబస్సుకు గంట పైనే పట్టేది. నాకు మాత్రం మూడు నెలలు పట్టింది.