కుర్చీలు నింపే పిన్ని

మా పిన్నికి ఈ ప్రపంచంలో రెండే భయాలు. ఒకటి బల్లి, రెండోది ఖాళీ కుర్చీ. బల్లి సంగతి బాబాయి చూసుకుంటాడు. కుర్చీ సంగతి మాత్రం ఆవిడే చూసుకోవాలి, ఎందుకంటే అదే ఆవిడ ఉద్యోగం.

మాది చిన్న వార్తా ఛానల్. సాయంత్రం ఏడింటికి చర్చ వస్తుంది. ఆ చర్చకి మనుషుల్ని పిలవడం, వచ్చినవాళ్లకి టీ ఇవ్వడం, టైముకి కుర్చీల్లో కూర్చోబెట్టడం పిన్ని పని. నేనూ అక్కడే పనిచేస్తాను. తెర అడుగున పరిగెత్తే అక్షరాలు నావే. ఆఫీసు ఓ ఫర్నిచర్ షాపు పైన ఉంటుంది. చర్చకి వేసే నాలుగు కుర్చీలూ ఆ షాపువే. తెర మీద వాళ్ల పేరు ఓ మూల వేస్తాం కాబట్టి వాడుకోనిస్తారు. ధర చీటీలు వెనకాల అలాగే వేలాడుతుంటాయి. మరక పడితే కొనుక్కోవాల్సింది మేమే. అందుకని గెస్టు చేతిలో టీ కప్పు ఖాళీ అయ్యేదాకా పిన్ని పక్కనే నిలబడి కాపలా కాస్తుంది.

ఒక గెస్టు రాకపోతే ఇంకొకరు, ఆయనా రాకపోతే మరొకరు, ఇలా ఎప్పుడూ ఇద్దరు ముగ్గుర్ని అట్టేపెట్టుకోవడం ఆవిడకి అలవాటు. ఇంట్లో కూడా అంతే. భోజనాల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా కనిపిస్తే పక్కింటివాళ్లని కేకేస్తుంది. తన పెళ్లిలో వరుడు ఆలస్యమైతే ఎవర్ని పిలవాలో కూడా ముందే ఆలోచించి పెట్టుకుందని బాబాయి ఇప్పటికీ అంటూ ఉంటాడు. పిన్ని కాదనదు.

గెస్టులందరికీ ఆవిడ పెట్టిన పేర్లున్నాయి. ప్రొఫెసర్‌గారు ఆవలింతలాయన. ఆయన ఫోను మోగి మోగి సొమ్మసిల్లాక గానీ ఎత్తడు. లాయర్‌గారు చూద్దాం లాయరు, రమ్మంటే చూద్దామంటాడు. వీళ్లని సాయంత్రానికి కుర్చీల్లోకి చేర్చేసరికి పిన్నికి తల ప్రాణం తోకకొస్తుంది.

అలాంటి రోజుల్లో దొరికాడు ఠంచన్‌గారు. ఆవలింతలాయనకి జ్వరం వచ్చిన రోజు, చర్చకి పావుగంట ముందు, ఎవరో ఇచ్చిన నంబరుకి పిన్ని ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు. "కిందే ఉన్నానమ్మా, వచ్చేస్తున్నా," అన్నాడు. మెట్లకిందే కాపురం ఉన్నాడా అన్నంత వేగంగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతులు జోడించి నమస్కారం, "టీ బాగుందమ్మా" అని ఒక మెచ్చుకోలు. పిన్ని కరిగిపోయింది. ఇరవై మంది గెస్టులు ఏడిపించిన మనిషిని ఒక్క గెస్టు ఓదార్చాడు మరి.

ఆయన అసలువాళ్ల సంఘం అనేదానికి నాయకుడు. నది అవతలినుంచి వచ్చి ఊళ్లో స్థిరపడినవాళ్లందర్నీ వెళ్లగొట్టాలన్నది ఆయన సిద్ధాంతం. కుళాయిలో నీళ్లు రాకపోతే వాళ్లు తాగేశారు. వరదొస్తే వాళ్లు వదిలారు. చెప్పాల్సిందంతా చెప్పాక ముందుకి వంగి, వేలితో బల్ల మీద టకటకా కొట్టి, కెమెరాలోకి చూస్తూ అడిగేవాడు: "మీరెప్పుడు వెళ్తున్నారు?"

సంఘంలో ఉన్నది గుప్పెడు మంది. కానీ ఆయన ఫోనెత్తుతాడు కదా! దాంతో వానల మీద చర్చకి ఆయనే, వీధికుక్కల మీద ఆయనే, పరీక్షా ఫలితాల మీద ఆయనే. ఏ చర్చ మొదలైనా నది దగ్గరే తేలేది. చూసేవాళ్లు పెరుగుతున్నారని ఎడిటర్‌గారు మురిసిపోయారు.

పిన్నికి ఇదంతా తెలియదా అని మీరడగవచ్చు. నిజంగానే తెలియదు. ఇవాళ్టి చర్చ నడుస్తుండగా ఆవిడ వరండాలో నిలబడి రేపటి గెస్టులకి ఫోన్లు చేస్తుంటుంది. ఇన్నేళ్లుగా చర్చలు నడిపిస్తున్న మనిషి ఒక్క చర్చ కూడా పూర్తిగా విన్న పాపాన పోలేదు.

ఛానల్లో పిన్నికి ప్రాణస్నేహితురాలు మేకప్ చేసే ఆవిడ. పిన్ని ఆమెని చెల్లెమ్మా అంటుంది, ఆమె పిన్నిని అక్కా అంటుంది. మధ్యాహ్నం మేకప్ గదిలో అద్దం ముందు ఇద్దరూ చెరో స్టూలు వేసుకుని, డబ్బాలు విప్పి, ఒకరి కూర ఒకరికి వడ్డించుకుంటూ లోకాన్నంతా కడిగేసేవారు. చెల్లెమ్మ చంకలో బిడ్డగా ఉన్నప్పుడు వాళ్లమ్మ నది దాటి వచ్చింది. ఆ సంగతి పిన్నికి తెలుసు. ఠంచన్‌గారి ముఖానికి రోజూ పౌడరు అద్దేది చెల్లెమ్మేనని కూడా తెలుసు. ఆ రెండూ కలిపి ఆలోచించడానికే ఆవిడకి తీరిక దొరకలేదు.

బడి సెలవని ఒకరోజు పిన్ని తన మనవరాలిని వెంటబెట్టుకొచ్చింది. అయిదేళ్ల పిల్ల. చెల్లెమ్మ దాన్ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద కాస్త పౌడరు అద్ది, "ఇప్పుడు నువ్వు టీవీలో మనిషివి, ఏదీ మాట్లాడు," అంది. పిల్ల గంభీరంగా ముందుకి వంగింది. అద్దం ముందు బల్లని వేలితో టకటకా కొట్టింది.

"మీరెప్పుడు వెళ్తున్నారు?"

"అచ్చం ఠంచన్‌గారే!" అని కెమెరా కుర్రాడు పకపకా నవ్వాడు. పిన్ని కూడా మురిసిపోయింది. ఆ మురిపెంలోనే అద్దంలో చెల్లెమ్మ ముఖం కనపడి, నవ్వు సగంలో ఆగింది.

చెల్లెమ్మ పిల్ల ముక్కు తుడిచింది. "నేనెక్కడికీ వెళ్లనమ్మా, ఇక్కడే ఉంటాను," అని మెల్లిగా చెప్పి దింపింది. తర్వాత పిన్ని వైపు తిరిగింది.

"మావాణ్ణి బళ్లో రోజూ ఇదే మాటంటారక్కా. కూరగాయల కొట్లో నన్నూ అన్నారు. అలవాటైపోయింది. కానీ నీ మనవరాలి నోట వింటాననుకోలేదు."

"చిన్నపిల్లే, దానికేం తెలుసు..."

"దానికి తెలీదు. రేపట్నించి ఆయన ముఖానికి నేను చెయ్యి పెట్టను. పెట్టాల్సిందే అంటే ఉద్యోగం మానేస్తా. ఆ ముక్క ఎడిటర్‌గారికి నువ్వే చెప్పు."

మర్నాడు మధ్యాహ్నం చెల్లెమ్మ తన డబ్బా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, అటు తిరిగి తింది. పిన్ని ఎదురుగా స్టూలు ఖాళీగా ఉంది. ఆవిడ దాన్ని చూస్తూ రెండు ముద్దలు తిని డబ్బా మూసేసింది. ఆ పూట పిన్నిని చూస్తే నాకు నిజంగా జాలేసింది.

తర్వాత ఎడిటింగ్ గదిలోకి వెళ్లి, పాత చర్చలు వెయ్యమని కూర్చుంది. ఒకటి, ఇంకొకటి, మరొకటి. బయటికొచ్చేసరికి ముఖం కందిపోయి ఉంది. "ఈ మనిషికా నేను అడిగి మరీ రెండో చెంచా చక్కెర వేసింది!" అంది. అంతకన్నా పెద్ద తిట్టు ఆవిడ దగ్గర లేదు.

ఆ వారంలోనే బజారులో నది అవతలివాళ్ల కొట్ల షట్టర్ల మీద ఎవరో ఎర్రరంగుతో ఆ ప్రశ్నే రాసి పోయారు. పొద్దున్నే ఎడిటర్‌గారు పిన్నిని పిలిచారు. నేను అక్కడే అక్షరాలు కొడుతున్నాను.

"ఇవాళ ఆయన ఉండి తీరాలి మేడమ్. ఫోన్ చెయ్యండి."

"ఆయనకి మేకప్ చెయ్యనని చెల్లెమ్మ చెప్పమంది సార్. పైగా రాసింది ఆయన మాట. దాని మీద మళ్లీ ఆయన్నే కూర్చోబెట్టి మాట్లాడిద్దామా?"

"రెండు వైపులా వినిపించాలి కదా!"

"షట్టరు కడుక్కునేవాళ్లది ఒక వైపు. పొమ్మనేవాళ్లది రెండో వైపు. మధ్యలో మనం టీ ఇస్తూ ఉంటాం. అంతేనా సార్?"

"ఎన్నికల్లో నిలబడుతున్నాడు మేడమ్. దాచేస్తే ఆయనేంటో జనానికి ఎలా తెలుస్తుంది?"

ఆ మాట కొట్టిపారేసేది కాదు. పిన్ని కూడా కొట్టిపారెయ్యలేదు.

"దాచమనట్లేదు. వార్తయితే విలేకర్ని పంపండి. గట్టిగా అడగమనండి. చెప్పింది నిజమో కాదో కనుక్కుని, అదీ ఇదీ కలిపి చూపించండి. ఇక్కడ లైవులో ఒక అబద్ధం ఆడి లేచి వెళ్లిపోతే దాని వెనకాల పరిగెత్తేదెవరు సార్? అసలు వీధికుక్కల గురించి ఆయన్నెందుకు అడిగాం?"

"పిలిచింది మీరే కదా!"

"అవును, నేనే," అంది పిన్ని. "ఫోనెత్తాడని పిలిచాను."

"సరే, మరి నాలుగో కుర్చీ?"

"ఖాళీగా ఉంటుంది."

ఎడిటర్‌గారు నోరు తెరిచి ఆవిణ్ణే చూశారు. బల్లిని పట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుంటానని పిన్ని అన్నా అంత ఆశ్చర్యపోయేవారు కాదు. అందుకే కాబోలు, ఒప్పేసుకున్నారు. "ఒక్క రోజుకే," అన్నారు. ఒక విలేకరికి బజారు పని, ఇంకొకరికి ఠంచన్‌గారి పని అప్పజెప్పారు.

సాయంత్రం పిన్ని మేకప్ గదిలోకి వెళ్లి, చెల్లెమ్మ ముందు నిలబడి, ఆ కుర్చీలో నువ్వు కూర్చో అని అడిగింది.

"నేనా? కూర్చుని ఏం చెప్పాలి?"

"ఆయన మాటలకి జవాబు."

"నేనీ ఊళ్లో ఉండాలా వద్దా అన్నదానికి నేను వచ్చి వాదించాలా? అది చర్చేంటక్కా? నేను కూర్చోను." పౌడరు డబ్బా మూత పెట్టేసింది. పిన్నికి మళ్లీ అడిగే ముఖం లేకపోయింది.

పిలవకపోయినా ఏడింటికి ముందే ఠంచన్‌గారు ఠంచనుగా వచ్చేశారు. పిన్ని మెట్ల మీదే ఎదురెళ్లింది.

"ఇవాళ లేదండీ."

"నా మీద నిషేధమా?" ఆయన ముఖం ఒక్కసారిగా వెలిగింది. "చెప్పండమ్మా! నా గొంతు నొక్కేశారని బయట చెప్పుకుంటాను."

"నిషేధమేం కాదండీ. పిలవలేదు, అంతే. మేం పిలవనివాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, ఒక్కరూ గోల చెయ్యట్లేదు. రేపు విలేకరి మీ దగ్గరికొస్తాడు. మీరు చెప్పే లెక్కలకి కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి."

కాగితాలనేసరికి ఆ వెలుగు కాస్త తగ్గింది. టీ అయినా ఇవ్వరా అన్నట్టు ఓ క్షణం నిలబడి దిగిపోయారు. పిన్ని టీ ఇవ్వలేదు. గెస్టుకి టీ ఇవ్వకుండా పంపడం ఆవిడ చరిత్రలో అదే మొదలు.

చర్చలో ఆవలింతలాయన, చూద్దాం లాయరు, బజారు నుంచి ఒక కొట్టాయన కూర్చున్నారు. నాలుగో కుర్చీ తెర మీద బోసిగా ఉంది. ఎవరూ అరవలేదు. కొట్టాయన రంగు కడగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పాడు. ఆవలింతలాయన కూడా ఆవలించకుండా విన్నాడు. పిన్ని ఆ రోజు ఫోన్ పక్కన పెట్టి, గోడకి ఆనుకుని చర్చంతా విన్నది.

మర్నాడు మధ్యాహ్నం డబ్బా పట్టుకుని మేకప్ గదికి వెళ్లింది, మెచ్చుకోలు కోసం వచ్చిన పిల్లలాగా.

"చూశావా చెల్లెమ్మా? కుర్చీ ఖాళీగా ఉంచేశాను. ఏమీ కాలేదు."

చెల్లెమ్మ కిటికీ దగ్గర నుంచే చూసింది. "చూశానక్కా. ఏమీ కాలేదు. మరి ఇన్నాళ్లూ ఎందుకు ఉంచలేదు?"

నాలుగు కుర్చీలకి పది మంది గెస్టుల్ని అట్టేపెట్టుకునే మా పిన్ని దగ్గర ఆ ప్రశ్నకి ఒక్క జవాబు కూడా లేదు. డబ్బా పట్టుకుని అలాగే నిలబడింది. కళ్లు తుడుచుకుంది. చాలాసేపటికి చెల్లెమ్మ కిటికీ దగ్గర నుంచి వచ్చి, అద్దం ముందు ఖాళీగా ఉన్న తన స్టూలు మీద కూర్చుంది.