మొగుడి పేరు పాస్‌వర్డుగా పెట్టుకున్న పాపం

దగ్గరికి జరిగి కూర్చోండి. నోట్లో వక్కాకు ఉంటే నమిలేసి రండి, మధ్యలో నవ్వొస్తే పొలమారుతుంది. ఒక్క మాట దాచుకోబోయి పెనుకొండ బస్టాండులో నేనెట్లా నిలువునా మునిగిపోయానో చెబుతాను.

మాది ధర్మవరం. ఇంట్లో మగ్గం ఉంది. చీరల ఫొటోలు ఫోన్లో చూపించి అమ్ముతుంటాను. అప్పట్లో అన్నిటికీ ఒకే పాస్‌వర్డు: నా పేరు, పక్కన ఒకటి రెండు మూడు. మా తమ్ముడి కూతురు శైలజ అది విని తల పట్టుకుంది.

"వాకిలికి బీగమేసి, బీగంచెవి దానికే తగిలించినట్టుండాది అత్తా నీ యవ్వారం" అంటూ ఫోన్లో ఒక యాప్ వేసింది. ఒక్కోదానికి ఒక్కో కొత్త పాస్‌వర్డు పెట్టి, అన్నీ అదే గుర్తుంచుకుంటుందట. ఆ యాప్ తెరవడానికి మాత్రం నేను ఒక్క మాట గుర్తుంచుకోవాలి.

"ఆ మాటేదో చెప్పత్తా, నేను కొడతా."

"మీ మామ పేరు పెట్టు."

"ఇంట్లోవాళ్ళ పేర్లు వద్దు. పొంతన లేని నాలుగు మాటలు కలిపి పెట్టుకో."

"ఓసి పిచ్చిదానా, చచ్చినా నా నోట రాని మాట అదొక్కటే గదే."

మీరే చెప్పండి, ఎంత తెలివి. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని మా అత్తగారి ఆన. రాసినా పలికినట్టేనట. ఇంతకన్నా గట్టి తాళం లోకంలో ఎక్కడుంటుంది? నాకు నేనే దిష్టి తీసుకోవాలన్నంత మురిసిపోయాను. రోజూ వేలు ఆనిస్తే యాప్ తెరుచుకునేది, ఆ మాటతో పనే పడలేదు.

కొన్నాళ్ళకు హిందూపురం వాళ్ళు ఇంటిల్లిపాదికీ పెళ్ళి చీరలు కావాలన్నారు. కుదిరితే మా మగ్గానికి ఏడాది పని. పెనుకొండలో చుట్టాలింటికి వచ్చారట, బస్సెక్కేలోపల రంగులు చూపిస్తే ఖాయం చేస్తామని, లేకపోతే తమ ఊళ్ళోనే కొనేస్తామని కబురు పెట్టారు. సరిగ్గా ఆ పొద్దునే నా ఫోను చారు గిన్నెలో పడి ప్రాణం వదిలింది. పెనుకొండలో దిగీదిగగానే బస్టాండు అంగట్లో కొత్తది కొన్నాను. దాంట్లోకి చీరల ఫొటోలు రావాలంటే ముందు శైలజ వేసిన యాప్ తెరవాలి. వాళ్ళను ఆపడానికి నాతో వచ్చిన మా ఆయన బస్సు దగ్గరికి పరుగెత్తాడు.

"ఆ యాప్ పాస్‌వర్డు చెప్పక్కా" అన్నాడు అంగడాయన.

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అంగడాయన ఫోన్లోంచి శైలజకు కొడితే ఎత్తలేదు.

"అది నోటితో చెప్పేది గాదప్పా."

"రాసిస్తావా?"

"రాసినా పలికినట్టే. కదిరి సామి పేరు. నువ్వే అర్థం చేసుకో."

"లక్ష్మీనరసింహ. రాలేదక్కా."

"అమ్మవారు లేదప్పా, సామి ఒక్కడే."

"నరసింహప్ప?"

"మొదలు సరిపోయింది, తోక మార్చు."

"నరసింహమూర్తి గూడా కాదంటాంది. అక్కా, ఇంగొకసారి తప్పు కొడితే ఈ పొద్దుకు తెరుచుకోదు. ఆపైన నీ ఇష్టం."

బయట బస్సు హారన్ కొడుతోంది. ఒక పక్క ఏడాది పని, ఇంకో పక్క మొగుడి ఆయుష్షు. చెంపలు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"నరసింహులు."

అంగడాయన టకటకా కొట్టాడు. కళ్ళు తెరిచేసరికి ఫోనూ తెరుచుకుంది. గుమ్మంలో మా ఆయన. నన్ను తొందరపెట్టడానికి వచ్చినవాడు, కరెంటు పోయిన మరమగ్గంలా వాకిలికి అడ్డంగా ఆగిపోయాడు.

"ఫొటోలొచ్చినాయి, పట్టుకోని పరిగెత్తల్ల."

"ఇంగొకసారి అనుమే."

"బస్సు పోతాండాది."

"పోనీలే. ఇంగొక్కసారి."

పోయింది. నేను ఆయన్ని తోసుకుని బయటపడేసరికి దాని పొగ మాత్రం మిగిలింది. చీరలు హిందూపురంలోనే కొన్నారట. మా మగ్గం నోరు తెరుచుకుని నన్నే చూస్తూ కూర్చుంది. నా గట్టి తాళం పెనుకొండ బస్టాండు మొత్తానికీ తెలిసిపోయింది. ఆయన ఆయుష్షుకు మాత్రం ఏ లోటూ రాలేదు. పొద్దున కాఫీ ఇచ్చినప్పుడల్లా పేరు పలకమని పీడించేంత గట్టిగా ఉన్నాడు.

అందుకే మగ్గం ముట్టుకుని ఒట్టు వేసుకున్నాను: బొందిలో ప్రాణముండగా మనిషి పేరును పాస్‌వర్డు చేయను. ఇప్పుడు పొంతన లేని నాలుగు మాటలే. ఎవరడిగినా చెప్పను, మీరడిగినా సరే.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడపకొచ్చిన బేరం ఏనాడూ బస్సెక్కకూడదు.