ఒంటి దీపంతో కణేకల్‌కు

ఆదివారం కణేకల్‌లో మా మరదలి కొడుకును తొట్లో వేస్తారని కబురొచ్చింది. నా భార్య వారం ముందే వెళ్లింది. మిగిలిన ముగ్గురం, అంటే నేను, మా అత్త, బావమరిది ఓబులేసు, తెల్లవారుజామున ఐదింటికి అనంతపురంలో కారెక్కాం. కారు ఓబులేసుది, సెకండ్‌హ్యాండ్‌ది. దానికి బెంగళూరు నుంచి తెప్పించిన హాలోజన్ లైట్ల సెట్టు బిగించింది మాత్రం నేను. హైస్కూల్లో విద్యుత్తు పాఠం చెప్పేవాడికి రెండు లైట్లు ఒక లెక్కా అని, మెకానిక్ దగ్గరికి పోతున్న ఓబులేసును ఆపి మరీ బిగించాను.

స్విచ్ వేస్తే ఎడమది భగ్గున వెలిగింది. కుడిది ఉలకలేదు, పలకలేదు.

“ఈ పొద్దు ఆదివారం కదా బావా, బడి అయివారి లైటు సెలవు పెట్టింది” అన్నాడు ఓబులేసు. “ఇప్పుడంటే ఇంకాసేపటికి తెల్లారుతాది. మాపటికి అది వెలగలేదంటే కణేకల్‌లోనే పండుకుందాం. ఒంటి లైటుతో చీకట్లో నేను నడపను.”

రాత్రికి అక్కడే ఉండిపోతే నాకు కుదరదు. మర్నాడు పొద్దున మా బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. క్లాసులో నేను లేకపోతే హెడ్మాస్టరు నా తోలు ఒలుస్తాడు.

ఆరున్నరకు కళ్యాణదుర్గం చేరాం. బస్సులో వచ్చేవాళ్లు ఇక్కడ బస్సు మారాలి. బస్టాండు ఎదుటి హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ బాగుంటాయి కానీ బజ్జీలు ఏడు దాటితే దొరకవు. వాళ్లిద్దరూ తింటుంటే నేను ఫ్యూజు చూశాను, బాగుంది. ఎడమ బల్బు తీసి కుడివైపు పెట్టాను, వెలగలేదు. కుడి బల్బు ఎడమవైపు పెడితే హాయిగా వెలిగింది. బల్బు తప్పు కాదన్నమాట. బజ్జీలూ అయిపోయాయి.

కారు కదిలాక వెనక సీట్లోంచి అత్త రోగమేమిటో తేల్చి చెప్పింది. “నువ్వు బిగిచ్చే పొద్దు కుడిదాని సామానుకంతా పసుపు పెట్టినా. ఎడమదాని కాడికొచ్చేతలికి గిన్నెలో అయిపోయింది. దాని ఏడుపే దీనికి తగిలింది అల్లుడా. పసుపు తెచ్చినాలే, తిరిగి వచ్చేటప్పుడు దానికీ పెడతా.”

ఓబులేసు అద్దంలో నన్ను చూసి మీసం కింద నవ్వాడు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. రోడ్డుకు రెండువైపులా చెనక్కాయ చెట్లు జానెడు ఎత్తులోనే ఎండిపోయి ఉన్నాయి. ఎనిమిదింటికి బెళుగుప్ప దాటగానే ఒక వేపచెట్టు కింద కారు ఆపించి లైట్లు వేయించాను. గొర్రెలు మేపుకునే పెద్దాయన ఒకడు వచ్చి కర్రమీద గడ్డం ఆనించి నిలబడ్డాడు.

“ఏమప్పా, దీనికి ఒక కన్ను కనపడదా?”

“కనపడదన్నా.”

“మా మందలో గూడా ఒకటుండాది. అదే ముందర పోతాది. మిగతావన్నీ దాని ఎనకాల పోతాండాయి” అని ధైర్యం చెప్పాడు.

బానెట్ ఎత్తాను. స్విచ్ వేసినప్పుడల్లా లైట్లకు కరెంటు వదిలే రిలే డబ్బా టిక్కుమంటోంది. లైటు దాకా కరెంటు వస్తోంది, తిరిగి పోయే దారే మూసుకుపోయి ఉండాలి. సంచిలోంచి వైరు ముక్క తీసి ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస కుడి లైటు నల్ల వైరుకు తగిలించాను. లైటు భళ్లున వెలిగింది. తప్పు ఎర్త్‌లో, అంటే కరెంటు తిరిగి పోయే వైరులో ఉంది.

ఎర్త్ వైరును కారు బాడీకి పట్టి ఉంచే బోల్టు విప్పాను. వైరు చివరి రింగు నిండా గట్టిగా ఎండిన పసుపు, కరెంటుకు అడ్డుగోడలా. రోడ్డు మీద రాలిపోకూడదని అత్త దాన్ని ఆముదంతో కలిపింది. బిగించిన రోజు ఎక్కడో ఇనుముకు ఇనుము తగిలి వెలిగినట్టుంది, వారం గతుకులకు అదీ పోయింది.

సిగ్గేసింది. ఆ రోజు ఆ పసుపు నేను చూశాను. తుడవాలని కూడా తెలుసు. అత్త పక్కనే చేతులు జోడించి నిలబడి ఉంటే తుడిచే ధైర్యం లేక అలాగే బిగించేశాను.

“మా అమ్మకు చెప్పు” అన్నాడు ఓబులేసు గుసగుసగా.

“నీ అమ్మ కదా, నువ్వే చెప్పు.”

“నీకు అత్త కదా. నువ్వు చెప్తేనే మర్యాద.”

ఇద్దరం చెప్పలేదు. రూపాయి బిళ్లతో రింగు గీకి, తుడిచి, బిగించాను. రెండు లైట్లూ వెలిగాయి. పెద్దాయన తల ఊపి గొర్రెల వెంట వెళ్లాడు.

తొమ్మిదిన్నరకు కణేకల్. కాలువ నీళ్లు, పచ్చటి వరి చూడగానే కళ్లు చల్లబడ్డాయి. తొట్లో వేసిన వాడు ఏడిచి గోల చేశాడు. నేను ఓళిగలు, అదే బొబ్బట్లు, ఐదు తిన్నాను.

సాయంత్రం ఐదున్నరకు బయలుదేరబోతుంటే అత్త పసుపు గిన్నెతో ఎడమ లైటు వైపు నడిచింది. గబగబా అడ్డం వెళ్లాను. “ఈడ పెట్టత్తా, లైటు చుట్టూ మెరిసే ఈ రింగు మీద. అందరికీ కనపడతాది.” అత్త ఒక్క క్షణం నా మొహం చూసి, నేను చూపించిన చోటే బొట్టు పెట్టింది.

చీకటి పడ్డాక లైట్లు వేస్తే రోడ్డు ఫర్లాంగు దూరం తెల్లగా పరుచుకుంది. ఇన్‌స్పెక్టరు కాదు, ఇంకెవరొచ్చినా భయం లేదనిపించింది. నేను కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

“అల్లుడా” అంది అత్త వెనక నుంచి. “వేపచెట్టు కింద ఆ బోల్టు కాడ పసుపు గీకితివి కదా, చూసినాలే. ఆ పని బిగిచ్చే పొద్దే చేసింటే? నేనేమన్నా కరుస్తానా?”

ఓబులేసు నవ్వాపుకోలేక కారు రోడ్డు పక్కన నిలిపేశాడు. కాలు కిందికి దించాను.

కణేకల్ వెళ్లిరావడానికి ఒక రోజు చాలు. రోడ్డు ఫరవాలేదు, ఉగ్గాని బాగుంటుంది. సొంతంగా లైట్లు బిగించుకుని వెళ్లేవాళ్లు మాత్రం ఎర్త్ రింగు శుభ్రంగా తుడవండి, పక్కన అత్త నిలబడి ఉన్నా సరే.